మంట దగ్గర వంతులు



అక్టోబరు వస్తే టెక్సాస్‌లో ఎండ కాస్త మెత్తబడుతుంది. డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి, గుడారాలు, మడత కుర్చీలు, బియ్యం సంచులు కార్లలో సర్దుకుని ఇంక్స్ లేక్ పార్కుకో, టెక్సోమా సరస్సు ఒడ్డున ఐజన్‌హోవర్ పార్కుకో బయల్దేరే కాలం ఇది. ఇదివరకు ఈ ప్రయాణాల్లో తిండి అంటే ఇంట్లో చేసి తెచ్చుకున్న పులిహోర, అక్కడ గ్యాసు స్టవ్ మీద వండుకున్న కోడికూర, పొద్దున్నే ఉప్మా. ఈ మధ్య చాలా బృందాల్లో కొత్త అలవాటు మొదలైంది. సాయంత్రం ఇనుప స్మోకరు, అంటే పొగబెట్టే పొయ్యి, దింపి, మాంసాన్ని రాత్రంతా సన్నటి పొగలో మగ్గబెట్టి, మర్నాడు మధ్యాహ్నం అందరూ కలిసి తింటున్నారు. ఆ రాత్రి వంట గురించే ఇవాళ మీతో మాట్లాడబోతున్నాను.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. నేను చూసిన బృందాల్లో ఈ పని ఎప్పుడూ ఒక్కరి నెత్తిన పడుతుంది. ఉత్సాహం ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు స్మోకరు కొంటారు, మాంసం తెస్తారు, రాత్రంతా కుర్చీలో కూర్చుని నిప్పు చూస్తారు. మర్నాడు అందరూ ప్లేట్లు పట్టుకునే వేళకి ఆ మనిషి గుడారంలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోతుంటాడు. ఇది న్యాయం కాదు. ఈ వంట పుట్టిందే పదిమంది చేతుల మీదుగా. రాత్రి మంటకి వంతులు ఉండాలి. ఆ వంతుల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళు, ఎదిగిన పిల్లలు అందరూ ఉండాలి.

అసలు ఒక మాంసం ముక్కకి అన్ని గంటలు దేనికి అని అడగొచ్చు. మెత్తటి కండ అయితే పావుగంటలో నిప్పుల మీద కాలిపోతుంది. రాత్రి వంటకి ఎంచుకునేది అలాంటిది కాదు. జంతువు బరువంతా మోసి, రోజంతా నడిచి గట్టిపడిన కండలు దీనికి కావాలి. మేకలోనో గొర్రెలోనో అయితే ముందు కాలు, మెడ. ఎద్దులో అయితే రొమ్ము భాగం, అదే ఇక్కడివాళ్ళు బ్రిస్కెట్ అనేది. ఈ కండల్లో కొలాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ. దాన్ని గబగబా వేడిచేస్తే నమలలేనంతగా బిగుసుకుంటుంది. 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 71 సెల్సియస్ దాటాక నిదానంగా గంటలపాటు ఉంచితే, అదే పీచు కరిగి జెలటిన్ అనే జిగురుగా మారుతుంది.

పాయా తినేవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మేక కాళ్ళు రాత్రంతా సన్న సెగన ఉడికితే పొద్దుటికి రసం పెదాలకి అంటుకుంటుంది. హైదరాబాద్‌లో రంజాన్ నెలలో భట్టీల మీద గంటలకొద్దీ తిప్పుతూ వండే హలీంకి ఆ సాగుడు వచ్చేదీ కొంతవరకు అందుకే. స్మోకరులో జరిగేది కూడా ఆ మార్పే. తేడా ఏమిటంటే ఇక్కడ మాంసం నీళ్ళలో మునిగి ఉండదు. మాంసం తన రసంలో తానే మగ్గాలి. చుట్టూ గాలి వేడి 225 నుంచి 250 ఫారన్‌హీట్, అంటే 107 నుంచి 121 సెల్సియస్ మధ్య నిలకడగా ఉండాలి. 12 పౌన్ల బ్రిస్కెట్‌కి 12 గంటలకి పైనే పడుతుంది. ఆరేడు పౌన్ల గొర్రె ముందు కాలికి ఏడెనిమిది గంటలు. మేకది చిన్నది, కొవ్వు తక్కువ, నాలుగైదు గంటల్లో అయిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి అందాలంటే మంట ఎప్పుడు ముట్టించాలో మీరే లెక్క వేసుకోండి. అందుకే ఇది రాత్రి పని అయింది.

ఈ వంట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం మన బాధ్యత అనుకుంటాను, ఎందుకంటే మనం మరొకరి నేల మీద, మరొకరి దగ్గర నేర్చుకున్న వంట వండుకుంటున్నాం. కట్టెల చట్రం మీద, సన్నటి సెగ మీద మాంసం కాల్చడం ఈ ఖండపు మూలవాసుల దగ్గర ముందునుంచే ఉంది. అమెరికా దక్షిణాదిలో పందొమ్మిదో శతాబ్దపు పెద్ద విందులు ఎలా జరిగేవంటే, నేలలో పొడుగాటి గుంతలు తవ్వి, ఓక్ కట్టెలు కాల్చి నిప్పులు చేసి, వాటిపైన జంతువులని మొత్తంగా పరిచి రాత్రంతా కాల్చేవారు. ఆ గుంతల పక్కన నిలబడి ఆ సెగని భరించింది చాలా వరకు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు, వాళ్ళ పిల్లలు. విందు తెల్లవాళ్ళది, పేరు యజమానిది, రాత్రి మాత్రం వాళ్ళది. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో టెక్సాస్ బానిసలకి విముక్తి ప్రకటించారు. ఆ రోజుని జూన్‌టీన్త్ పేరుతో టెక్సాస్ నల్లజాతి ప్రజలు అప్పటి నుంచీ జరుపుకుంటూ వచ్చారు, 2021లో అది దేశమంతటికీ సెలవు దినమైంది. ఆ పండగ భోజనంలో బార్బిక్యూ లేకుండా ఉండదు. తమ చేత బలవంతంగా చేయించిన వంటని తమ స్వేచ్ఛ పండగకి వండుకున్నారు వాళ్ళు. పొగ మాంసం గురించి మాట్లాడే ఎవరైనా ఈ మాట చెప్పకుండా ముందుకి పోకూడదు.

మధ్య టెక్సాస్‌లో దీనికి ఇంకో పాయ కలిసింది. జర్మనీ నుంచి, చెక్ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు మాంసం కొట్లు పెట్టారు. అమ్ముడుపోని మాంసం పాడవకుండా పొగబెట్టేవారు. పత్తి ఏరే కూలీలు వచ్చి దాన్నే కొనుక్కుని, పొట్లం కట్టిన కాగితం మీదే తినేవారు. లాక్‌హార్ట్ ఊళ్ళో 1900లో మొదలైన క్రైట్స్ మార్కెట్ ఇప్పటికీ కాగితం మీదే వడ్డిస్తుంది. ఉప్పు, మిరియాలు, ఓక్ పొగ. ఇంతే వాళ్ళ మసాలా.

ఈ తరంలో నాకు అందరికంటే గొప్పగా కనిపించే మనిషి ఒకామె ఉన్నారు, టూట్సీ టొమానెట్స్. లెక్సింగ్టన్ అనే చిన్న ఊళ్ళో స్నోస్ అనే బార్బిక్యూ కొట్టు శనివారం ఒక్కరోజే తెరుస్తారు. 1935లో పుట్టిన టూట్సీ గారు ఎనభై దాటాక కూడా శుక్రవారం అర్ధరాత్రి దాటాక వచ్చి, పారతో నిప్పులు ఎత్తి గాడిపొయ్యిలోకి పోసేవారు. మిగతా రోజుల్లో బడిలో శుభ్రత పనిచేసేవారు. 2008లో టెక్సాస్ మంత్లీ పత్రిక రాష్ట్రంలోకెల్లా ఉత్తమ బార్బిక్యూ అని ఆ కొట్టుకి పట్టం కట్టింది. 2018లో ఆమె పేరు బార్బిక్యూ ప్రముఖుల జాబితాలోకి ఎక్కింది. మంట మగవాళ్ళ పని, అన్నం, పచ్చడి ఆడవాళ్ళ పని అని మన బృందాల్లో చెప్పకుండానే జరిగిపోతున్న పంపకం చూసినప్పుడల్లా నాకు ఆమె చేతిలో పారే గుర్తొస్తుంది.

ఇక మనవాళ్ళ సంగతికి వద్దాం. పది కుటుంబాలు కలిస్తే తిండి విషయంలో పది నియమాలుంటాయి. ఒకరు ఎద్దు మాంసం ముట్టరు, ఒకరు పంది మాంసం ముట్టరు, ఒకరికి హలాల్ కావాలి, ఇద్దరు ముగ్గురు శాకాహారులు. టెక్సాస్ బార్బిక్యూ అంటే బ్రిస్కెట్టే అని పట్టుబట్టి స్నేహితులని ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదు. తినేవాళ్ళని తప్పుపట్టడమూ నచ్చదు. బయల్దేరకముందే అందరినీ అడగండి. రెండు రకాలు వండాల్సి వస్తే పై అరలోని కొవ్వు కింది అర మీదకి కారుతుందని గుర్తుపెట్టుకోండి. వీలైతే పొయ్యి వేరు చెయ్యండి, కత్తి, చెక్క పీట తప్పనిసరిగా వేరు చెయ్యండి. శాకాహారుల కోసం, మాంసం ఎక్కించకముందే శుభ్రంగా ఉన్న స్మోకరులో నాలుగు వంకాయలు, మొక్కజొన్న కంకులు, చిలగడదుంపలు పెట్టెయ్యండి. పొగ పట్టిన వంకాయతో చేసిన పచ్చడి ముందు మాంసం ప్లేటు కూడా కొన్నిసార్లు వెనకబడుతుంది.

నన్నడిగితే మన బృందాలకి మేకే సరైనది. అందరికీ తెలిసిన రుచి, చాలామంది అభ్యంతరం చెప్పని మాంసం. టెక్సాస్‌కి కూడా అది పరాయిది కాదు. అమెరికాలో మేకలు అన్నిటికంటే ఎక్కువగా పెంచేది ఈ రాష్ట్రమే. బ్రేడీ అనే ఊళ్ళో 1970ల నుంచి లేబర్ డే సెలవుల్లో మేక మాంసం బార్బిక్యూకి ప్రపంచ స్థాయి పోటీ పెడుతున్నారు. ఆ పోటీకి వచ్చేవాళ్ళు కూడా రాత్రుళ్ళు పొయ్యిల పక్కనే గడుపుతారు.

మేకకి కొవ్వు తక్కువ కాబట్టి కాస్త జాగ్రత్త కావాలి. ముందు రోజు రాత్రే పైనున్న తెల్ల పొర తీసేసి, పౌనుకి అర చెంచా చొప్పున రాతి ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచాలి. పొయ్యి ఎక్కించే ముందు దంచిన మిరియాలు, వేయించిన ధనియాల పొడి, కొంచెం గుంటూరు కారం. అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు దట్టంగా పూస్తే పైన ఆరదు. ఆరకపోతే ఆ నల్లటి కరకర పొర కట్టదు, పొగ రుచి అంతా ఉండేది ఆ పొరలోనే. మూడో గంట దాటాక మాంసం మంచి రంగు తిరిగిందనిపిస్తే, కొంచెం నెయ్యి రాసి, మాంసం కొట్లలో వాడే కాగితంలోనో రేకులోనో చుట్టేయండి. అప్పుడిక ఎండిపోదు.

కట్టె గురించి ఒక విశేషం చెబుతాను. పడమటి టెక్సాస్‌లో ఎక్కడ చూసినా మెస్కీట్ చెట్లు. ముళ్ళు, సన్నటి ఆకులు, పొడుగాటి పసుపు కాయలు. మొదటిసారి ఇక్కడికి వచ్చిన మా బంధువొకాయన కారు దిగీ దిగగానే, "ఇదేంటమ్మా, మన సర్కారు తుమ్మ ఇక్కడ కూడా ఉందా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో నిజముంది. రెండూ ఒకే కుటుంబానికి చెందిన దగ్గరి జాతులు. మన నేలకి సర్కారు తుమ్మ వచ్చిందే అమెరికా ఖండాల నుంచి. 1870ల్లో మద్రాసు అటవీ శాఖ జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించింది. అక్కడి నుంచి అది రాయలసీమ బీళ్ళన్నీ కమ్మేసింది, లెక్కలేనన్ని ఇళ్ళలో పొయ్యి కట్టె అయింది, బొగ్గు బట్టీల్లో బొగ్గు అయింది. అయితే ఒక హెచ్చరిక. మెస్కీట్ పొగ ఘాటు. గంటలోపు కాలే ముక్కలకి బాగుంటుంది గానీ రాత్రంతా అదే వేస్తే మాంసం చేదెక్కుతుంది. రాత్రి వంటకి ఈ ప్రాంతంవాళ్ళు వాడే పోస్ట్ ఓక్ గానీ, పికాన్ గానీ మేలు. ఇంటి దగ్గర నుంచి కట్టెలు మోసుకుపోకండి. మధ్య టెక్సాస్‌లో ఓక్ చెట్లని చంపే ఓక్ విల్ట్ తెగులు కట్టెలతోపాటు కొత్త చోట్లకి చేరుతుంది. ప్రభుత్వ పార్కుల్లో నేల మీద పడ్డ పుల్లలు ఏరుకోవడానికి కూడా అనుమతి లేదు. పార్కు దగ్గర్లో కొనుక్కోండి.

ఇప్పుడు రాత్రి పని.

తొమ్మిది గంటలకి బ్రిస్కెట్ ఎక్కిందనుకుందాం, మేక అయితే ఇంకా ఆలస్యంగా ఎక్కించొచ్చు. తొమ్మిది నుంచి పన్నెండు ఒక వంతు, పన్నెండు నుంచి మూడు రెండోది, మూడు నుంచి ఆరు మూడోది. ఆరు తర్వాత లేచినవాళ్ళు అందుకుంటారు. వంతుకి ఇద్దరు. ఒక్కరే అయితే కునుకు పడుతుంది, ఇద్దరైతే కబుర్లుంటాయి. చేసే పనులు నాలుగే. అరగంటకో ముప్పావు గంటకో మణికట్టు లావు కట్టె ఒకటి వెయ్యడం. పొయ్యి వేడి, మాంసం లోపలి వేడి చూసి ఒక కాగితం మీద రాయడం. లోపలున్న నీళ్ళ పళ్ళెం ఎండకుండా చూడడం. గొట్టంలోంచి వచ్చే పొగ రంగు కనిపెట్టడం.

ఈ నాలుగింటిలోకీ నాలుగోదే ముఖ్యం. మంట చిన్నదిగా, చురుగ్గా, గాలి బాగా ఆడుతూ ఉంటే గొట్టం మీద కనిపించీ కనిపించని నీలి పొగ లేస్తుంది. కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం ఆ వేడికి విడిపోయి, గ్వాయకాల్, సిరింగాల్ అనే సువాసన ద్రవ్యాలుగా మారుతుంది. మనం పొగ రుచి అనుకునేది వాటినే. గాలి చాలక కట్టె మండకుండా కుమిలితే తెల్లటి చిక్కటి పొగ వస్తుంది. ఆ పొగ పట్టిన మాంసం నాలుక మీద చేదుగా, మొద్దుగా ఉంటుంది. చాలామంది చేసే పని ఏమిటంటే వేడి ఎక్కువైందని గొట్టం మూత బిగించేస్తారు. గొట్టం ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి. వేడి తగ్గాలంటే మంటని చిన్నది చెయ్యాలి.

ఈ విద్య మన పెద్దవాళ్ళకి ఎంత బాగా తెలుసో ఒక రాత్రి చూశాను. ప్రకాశం జిల్లా నుంచి కొడుకు దగ్గరకి వచ్చిన ఒకావిడ, తెల్లవారుజామున మూడింటికి శాలువా కప్పుకుని పొయ్యి దగ్గరకి వచ్చారు. వంతులో ఉన్న కుర్రాడు, "పిన్నిగారూ, చలిగా ఉంది, మీరు పడుకోండి" అన్నాడు. "పొయ్యి దగ్గర చలేంటయ్యా" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. రెండు నిమిషాలు గొట్టం వంక చూసి, "బాబూ, లోపల వేసింది పచ్చి కట్టె. చివర్న నురగ కక్కుతోంది చూడు. అది తీసి పక్కన పెట్టు, ఎండింది వెయ్యి. రెండోదాన్ని పొయ్యి మీద పెట్టి వేడెక్కనివ్వు, వేసీ వెయ్యగానే అంటుకుంటుంది" అన్నారు. అచ్చం ఇదే మాట ఇక్కడి పేరున్న వంటగాళ్ళు పుస్తకాల్లో రాస్తారు, కట్టె తేమ 20 శాతం దగ్గర ఉండాలని, నిప్పు పెట్టె మీద ముందే వేడి చెయ్యాలని. ఆవిడ కట్టెల పొయ్యి ముందు ఊదుగొట్టంతో గడిపిన ఏళ్ళలో అది నేర్చుకున్నారు. అయిదు నిమిషాల్లో పొగ నీలానికి తిరిగింది. ఆ తర్వాత మూడో వంతు ఆవిడదే అయింది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని గుడారంలో ఓ మూల కూర్చోబెట్టి, తినే వేళకి పిలిచే బృందాలు ఏం పోగొట్టుకుంటున్నాయో వాళ్ళకి తెలియదు.

రెండో వంతువాళ్ళకి ఒక పరీక్ష ఎదురవుతుంది, ముందే చెప్పాలి. మాంసం లోపలి వేడి 150, 160 ఫారన్‌హీట్ దాకా చక్కగా పెరుగుతూ వచ్చి అక్కడ ఆగిపోతుంది. గంట గడిచినా ముల్లు కదలదు. పెద్ద బ్రిస్కెట్ అయితే నాలుగైదు గంటలు కూడా అలాగే ఉండొచ్చు. థర్మామీటరు పాడైందనుకుంటారు, మంట చాలలేదనుకుని కట్టెలు దట్టిస్తారు. అక్కడే వంట చెడిపోతుంది. ఎందుకు ఆగుతుందో గ్రెగ్ బ్లాండర్ అనే భౌతిక శాస్త్రవేత్త తేల్చి చెప్పారు. ఒకవైపు తడి స్పాంజి, ఇంకోవైపు కొవ్వు ముద్ద పొయ్యిలో పెట్టి చూశారు. కొవ్వు వేడి ఆగకుండా పెరిగింది, తడి స్పాంజి వేడి మాంసంలాగే మధ్యలో నిలిచిపోయింది. అంటే మాంసం చెమట పడుతోంది, ఆ తేమ ఆవిరవుతూ చల్లబరుస్తోంది. పైన ఆరిపోయాక వేడి తనంతట తనే కదులుతుంది. తొందరగా కావాలంటే కాగితంలోనో రేకులోనో చుట్టాలి, లేదంటే ఓపిక పట్టాలి. ఈ ఒక్క విషయం తెలిసిన ఇద్దరు మనుషులు రెండో వంతులో ఉంటే చాలు.

అన్నట్టు, టెక్సాస్ ప్రభుత్వ పార్కుల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. కట్టెలు చీల్చే పని పదిలోపే ముగించండి. పాటలు వద్దు. పక్క గుడారంలో పసిపిల్లలుంటారు.

ఇప్పుడు అన్నిటికంటే గట్టిగా చెప్పవలసిన మాట. బొగ్గు, కట్టె మండే చోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలిగా ఉందని నిప్పుల కుంపటిని గుడారంలో పెట్టుకున్నవాళ్ళు, వంట అయిపోయింది కదా అని చల్లారుతున్న గ్రిల్లుని లోపలికి జరిపినవాళ్ళు నిద్రలోనే చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో జరిగాయి, జరుగుతూనే ఉన్నాయి. నిప్పు ఆరినట్టు కనిపించినా బూడిద కింద గంటలకొద్దీ ఆ విషవాయువు వస్తూనే ఉంటుంది. గుడారం తలుపు తెరిచి ఉంచినా రక్షణ లేదు. స్మోకరుని గుడారాలకి దూరంగా, గాలి వాటం చూసి పెట్టండి. వాన వచ్చినా, చలి వేసినా అది బయటే ఉండాలి.

రెండో ప్రమాదం కార్చిచ్చు. 2011 సెప్టెంబరులో ఆస్టిన్ పక్కన బాస్ట్రాప్‌లో కరెంటు తీగల వల్ల రేగిన మంట 1,600కి పైగా ఇళ్ళని బూడిద చేసింది, అక్కడి పార్కులో పైన్ అడవి చాలా వరకు కాలిపోయింది. గాలి, ఎండిన గడ్డి ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. కౌంటీలో మంటల నిషేధం ఉందేమో బయల్దేరే రోజే పార్కుకి ఫోన్ చేసి కనుక్కోండి. నిషేధం ఉంటే ఆ వారం గ్యాసు స్టవ్ మీద కూర వండుకుందాం, మాంసం ఎక్కడికీ పోదు.

మూడోది మాంసం పాడవడం. 40 నుంచి 140 ఫారన్‌హీట్ మధ్య, అంటే 4 నుంచి 60 సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పచ్చి మాంసం పొయ్యి ఎక్కేదాకా అయిస్‌లోనే ఉండాలి. వండినది రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, ఎండ 90 దాటితే గంటే. కోడి అయితే లోపల 165 ఫారన్‌హీట్ తగలాలి. కోడిని రాత్రంతా సన్న సెగన పెట్టొద్దు, పొద్దున్నే ఎక్కువ వేడి మీద రెండు గంటల్లో చేసుకోవచ్చు. పెట్టెల మూతలు బిగించండి, రాకూన్లు చేతులతో మూతలు తీయగలవు.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. పొగబెట్టి, ఉప్పుపెట్టి నిల్వచేసే మాంసాన్ని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. వారం వారం తినే తిండి కాదిది. ఏడాదికి రెండు మూడు పండగ భోజనాలుగా ఉంచుకుందాం.

తెల్లవారాక బ్రిస్కెట్ అయినా ముందు కాలు అయినా లోపల 195 నుంచి 203 ఫారన్‌హీట్ దగ్గరకి వస్తుంది. అంకె కంటే చేతిని నమ్మండి. సన్న పుల్ల గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి. దిగిందా, అయిపోయినట్టే. వెంటనే కొయ్యకండి. కాగితంలో చుట్టి, తువ్వాళ్ళు కప్పి, అయిస్ తీసేసిన ఖాళీ అయిస్ పెట్టెలో పెట్టి మూత వేస్తే నాలుగు గంటలు వేడిగానే ఉంటుంది. కోసినప్పుడు రసం తక్కువ కారుతుంది. తొమ్మిది దాటాక వంట ముగిసినా మధ్యాహ్నం వేడిగా వడ్డించుకోవచ్చు, మూడో వంతువాళ్ళు హాయిగా ఓ కునుకు తీయొచ్చు.

కోసినప్పుడు అంచున సన్నటి గులాబీ రంగు చార కనిపిస్తుంది. "అన్నా, ఇది పచ్చిగా ఉంది" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. అది పచ్చి కాదు. పొగలోని నైట్రిక్ ఆక్సైడ్ మాంసంలోని ఎర్రటి మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగుని నిలబెడుతుంది. మేక ముందు కాలు అయితే కత్తి కూడా అక్కర్లేదు. ఎముక పట్టుకుని తిప్పితే శుభ్రంగా ఊడి వస్తుంది. కండ పైన నల్లగా, లోపల తేనె రంగులో, వేళ్ళకి జిగురంటుతూ పోగులు పోగులుగా విడిపోతుంది. వేడి అన్నం, గోంగూర పచ్చడి, పచ్చి ఉల్లిపాయ, నిమ్మబద్ద ఉంటే ఇంకేం కావాలి! తీపి సాసులు మనకి అవసరం లేదు. మిగిలిన బొక్కలు పారెయ్యకండి, సాయంత్రం చారు కాచండి. ఆ చారులో కట్టె వాసన ఉంటుంది, చింతపండు పులుపుకి అది బాగా కుదురుతుంది.

ఈ నెలలో వెళ్ళబోయే వాళ్ళకి నా విన్నపం ఒక్కటే. మాంసం కొనడానికి ముందే ఒక కాగితం తీసి వంతులు రాయండి. మూడు వంతులు, ఆరు పేర్లు. అందులో కనీసం ఒక పెద్దావిడ పేరు, పదిహేనేళ్ళు దాటిన ఒక పిల్లో పిల్లాడో పేరు ఉండేలా చూడండి. మొదటి వంతు స్మోకరు సొంతదారుకి ఇచ్చి, పన్నెండు కొట్టగానే అతన్ని పడుకోబెట్టండి. బయల్దేరే రోజు పొద్దున బూడిద మీద నీళ్ళు పోసి, కలియబెట్టి, చేత్తో తాకి చల్లబడిందని తేల్చుకున్నాకే కార్లెక్కండి.